పదకొండుంబావు అంగుళాల పిక్క

అవినాశి,
జూలై 14.

పూజ్యురాలైన అక్కగారు సుందరవల్లి అమ్మాళ్ గారికి, తమ్ముడు నవనీతకృష్ణన్ నమస్కరించి విన్నవించుకునేది.

నిన్న ఒట్టన్‌చత్రం మంటపంలో మన వంశ సంఘపు సర్వసభ్య సమావేశం జరిగింది. ఆ ఊరు కోయంబత్తూరు వైపు వారికీ మదురై వైపు వారికీ సమదూరంలో ఉన్నందువల్ల ఉభయులకూ సమానమైన అసౌకర్యం కలిగిస్తుందని పెద్దలు దాన్ని ఎంపిక చేసిన సంగతి మీకు తెలిసినదే.

మొదటి తీర్మానం: ఐప్పసి నెల, అంటే అక్టోబరు-నవంబరు, వేటనడకలో ఈటె మోసే వంతు ఈ ఏడు మన శాఖది. నాన్నగారి తర్వాత నలభై రెండేళ్ళకు వచ్చింది. కొండ అడుగు నుంచి పైనున్న కులదేవత గుడిదాకా ఈటెను నేల తాకకుండా మోసుకుపోయి, అక్కడ గుమ్మడికాయను పొడవాలి. అడవిపందిని పొడవడం చట్టవిరుద్ధమైన నాటి నుంచి ఆ బాధ్యతను గుమ్మడికాయ నిర్వర్తిస్తున్నది. దానిపై ఇంతవరకు ఏ ఫిర్యాదూ అందలేదు.

రెండవ తీర్మానం: నిరుడు అయిదుగురు సభ్యులను జలగలు పట్టినందునా, ఒక సభ్యుడు రక్తపింజరిని చూసి అటునుంచి అటే కోయంబత్తూరు వెళ్ళిపోయినందునా, ఇకపై నడిచే పన్నెండుగురు సభ్యులూ మోకాలి కిందిదాకా గైటర్లు, అంటే కాలితొడుగులు, ధరించాలి. బనియన్ కంపెనీలో కొలతల తనిఖీ నా ఉద్యోగం కనుక ఎంపిక బాధ్యతను నాకే అప్పగించారు. కార్యదర్శి మణిమారన్ టేపు పట్టుకొని కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరి పిక్క కొలిచి, అంకెను బిగ్గరగా చదివి, నల్లబల్ల మీద రాయించాడు. నా పిక్క పదిహేను అంగుళాలుగా నమోదైంది.

ఇందుమూలముగా కోరునది ఏమనగా, నాన్నగారి తోలు తొడుగులు మీ అటక మీద ఉన్నట్టయితే పంపగలరు. ఈటె మోసేవాడు పాతవి వేసుకోవచ్చునని ఆచారం అనుమతిస్తున్నది.

జవాబు తెలుగులోనే రాయగలరు. వంశంలో అందరూ తెలుగు మాట్లాడేవారే గానీ, అవ్వ ఇసుకలో వేలు పట్టి దిద్దించిన అక్షరాలు మన ఇద్దరికి తప్ప వంశంలో మరెవరికీ రావు. ఈ ఇంట్లో తెలుగు లిపి బీరువా కంటే భద్రం. మీ మరదలు సౌందరం మీ జాబులను బల్ల మీద చూస్తుంది, దుమ్ము తుడుస్తుంది, మళ్ళీ అక్కడే పెడుతుంది.

ఇట్లు,
నవనీతకృష్ణన్


పెరియకుళం,
జూలై 22.

చిరంజీవి నవనీతానికి అక్క ఆశీర్వాదం.

తోలు తొడుగులు లేవు. ఎలుకలు తిన్నాయి. మిగిలిన పట్టీ ఒకటి దూడ మెడలో ఉండింది, తర్వాత దూడా లేదు.

నీ పిక్క పదిహేను అంగుళాలని మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన కాఫీ లోటా కింద పెట్టి, "రెండు కాళ్ళూ చేర్చి కొలిచినాడా?" అన్నారు. నేను నవ్వలేదు. తర్వాత వంటింట్లోకి పోయి నవ్వాను.

ఒరే, మామిడితోపులో గడ్డి కోయించేటప్పుడు ఆరేళ్ళుగా నేను గైటర్లు కట్టుకొని తిరుగుతున్నాను. నావీ మన ఇంటి కాళ్ళే. కాబట్టి కొలతల అధికారికి నేను చెప్పేది విను. పిక్కను దాని లావైన చోట, నువ్వు నడిచే ప్యాంటు మీదనే కొలవాలి. రెండు కాళ్ళూ కొలవాలి. సన్నకాళ్ళకు సన్నగా కత్తిరించినవే తెప్పించాలి. లావువి తెప్పించి పట్టీ బిగిస్తే బట్ట మడత పడి, ఆ మడతలోంచే జలగ దూరుతుంది. పైన బకుల్ ఉన్న పట్టీ, ముందు బూటు తాడుకు తగిలించే హుక్కు, బూటు అడుగున పోయే పట్టీ, ఈ మూడూ ఉంటేనే కాలి మీద నిలుస్తుంది. మోకాలు వంచి మెట్టు ఎక్కి చూడు. తొడుగు తిరిగినా జారినా అది నీది కాదు.

ఇప్పుడు నిజం కొలత రాయి. బడిలో నీ కొంగకాళ్ళు చూసి నిన్ను కొక్కెర అని పిలిచినప్పుడు వాళ్ళను రాయి తీసుకొని తరిమింది నేనే. నా దగ్గర దాచేదేమి?

అక్క


అవినాశి,
ఆగస్టు 18.

పూజ్యురాలైన అక్కగారికి,

మీ 22వ తేదీ జాబులోని ప్రశ్న సాంకేతికమైనది కావడంతో జవాబు ఆలస్యమైంది.

పన్నెండు జతలూ వచ్చాయి. పదకొండు జతలు సరిపోయాయి. పన్నెండవ జతను ఈ కింద సంతకం చేసిన వ్యక్తి ధరించి మేడమెట్లు ఎక్కగా, మూడో మెట్టు దగ్గర హుక్కు వెనక్కి తిరిగింది, అయిదో మెట్టు దగ్గర తొడుగు చీలమండను చేరింది, తొమ్మిదో మెట్టు దగ్గర పరీక్షను నిలిపివేయడమైనది.

కొలత పదకొండుంబావు.

ఆనాడు మంటపంలో నా ముందు నిలబడినవాడు మణిమారన్ బావమరిది. "పదహారున్నర!" అని చదవగానే చప్పట్లు కొట్టారు. తర్వాత నేను. ముప్ఫై ఏళ్ళుగా పంచె కట్టే నేను దాన్ని పైకెత్తాలి. టేపు ఇంకా నా కాలిని తాకలేదు. "పదిహేను, రాసుకో" అన్నాను. మణిమారన్ కూడా, "కొలతల ఆఫీసరే చెప్తుంటే మనమేమి కొలిచేది?" అని టేపు మడిచాడు. నేను రోజుకు నాలుగు వందల బనియన్లు కొలిచి, అర అంగుళం తేడా ఉన్నదాన్ని పక్కన పడేసేవాణ్ణి. ఆ బల్ల మీద మూడుముప్పావు అంగుళాలు అబద్ధం రాయించాను.

ఇప్పుడు మార్చుకుంటే కారణం చెప్పాలి. అందువల్ల కంపెనీలో పారేసే బనియన్ పేలికలను తొడుగులోపల కూరుతున్నాను. ముందు గదిలో కూర్చుని కూరుతుంటే సౌందరం వచ్చి, "ఏంగ, ఇంత సన్న తలగాణి ఎవురికి?" అని అడిగింది. ప్రయాణానికి తలదిండు అన్నాను.

మీరు నవ్వవచ్చు. వంటింట్లో మాత్రమే.

నవనీతకృష్ణన్


పెరియకుళం,
ఆగస్టు 29.

నవనీతా,

పేలికలు తీసెయ్. నూలు నీళ్ళు తాగుతుంది. దారిలో వాగు ఉంది. గుడ్డ కూరిన తొడుగు వాగు దాటాక ఏం చేస్తుందో నాకు తెలుసు. ఎట్లా తెలుసో ఇప్పుడు అడగవద్దు.

నా దగ్గర కొత్త జత ఒకటి ఉంది, సన్నకాళ్ళకు కత్తిరించినది. పార్సెల్‌లో పంపుతున్నాను. అదే కట్టుకో.

ఇంకొకటి. పన్నెండు జతలు అన్నావు. కొండ ఎక్కేది పదిహేనుమంది కదా. గుమ్మడికాయ, పూజసామాను మోసేవాళ్ళు ఇద్దరు, ముందు తప్పెట కొట్టుకుంటూ పోయే మునియాండి ఒకడు. మునియాండి భార్య రక్కమ్మాళ్ నా తోపులోనే పని చేస్తుంది. నీ జాబు వచ్చిన రోజు ఆమెను అడిగాను. "మా కాలు ఎవురు కొలస్తారమ్మా?" అన్నది. నేనూ అదే నిన్ను అడుగుతున్నాను.

అక్క


అవినాశి,
సెప్టెంబరు 9.

అక్కగారికి,

పార్సెల్ అందింది. కృతజ్ఞతలు. పైపట్టీ మీద కుట్టిన మామిడిపిందె బొమ్మను గమనించాను. పదకొండుమంది మగవాళ్ళ మధ్య ఈటె మోసేవాడు దాన్ని ధరించే విషయం పరిశీలనలో ఉన్నది.

మునియాండి తదితరుల గురించి: గైటర్లు సభ్యులకు మాత్రమే. వారు సభ్యులు కారు. కావున వారికి పిక్కలు ఉన్నట్టు సంఘం వద్ద ఆధారమేదీ లేదు. ఈ వాక్యాన్ని మణిమారన్ నవ్వుతూ అన్నాడు. నేను కూడా కొంత నవ్వాను.

నవనీతకృష్ణన్


అవినాశి,
నవంబరు 12.

పూజ్యురాలైన అక్కగారికి,

వేటనడక ఈ నెల పదో తేదీన దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

ఉదయం ఆరుగంటలకు కొండ అడుగున బయలుదేరాము. ముందు తప్పెట, దాని వెనుక ఈటె, దాని వెనుక సభ్యులు. అటవీశాఖ అనుమతిపత్రాన్ని గుమ్మడికాయకు కట్టాము. జలగకాటు ఒక్కటీ నమోదు కాలేదు. వాగు దాటిన తర్వాత తప్పెట వాద్యకారుడు మునియాండి రాతి మీద జారి, వెనక్కి ఈటె మొనపై పడినందున అతని కుడిపిక్కకు గాయమైంది. తొమ్మిది కుట్లు. ఈటెను తర్వాత మణిమారన్ మోశాడు. గుమ్మడికాయ ఒక్క పోటుకే లొంగింది.

వాద్యకారుని వయసును, అజాగ్రత్తను దృష్టిలో ఉంచుకొని వచ్చే ఏటి నుంచి దిండుక్కల్ బ్యాండుసెట్టును పిలిపించాలని అక్కడికక్కడే తీర్మానించారు. తీర్మానంపై అందరూ సంతకం చేశారు.

ఇక్కడ వానలు పరవాలేదు. బావగారిని అడిగినట్టు చెప్పగలరు.

నవనీతకృష్ణన్


పెరియకుళం,
నవంబరు 19.

నవనీతా,

నీ జాబు రాకముందే రక్కమ్మాళ్ నా దగ్గరికి వచ్చింది. ఆమె ఏడవలేదు. తోపులో గడ్డి కోస్తూ, తల ఎత్తకుండా, "అమ్మా, మీ తమ్ముడు మంచిగుండాడా?" అన్నది. బాగున్నాడన్నాను. "ఆయన కాల్లోనుంచి తెల్లగుడ్డ పేగుమాదిరి మూరలు మూరలుగా వచ్చిందంట. అది చూసి మావాడు భయపడిపోయినాడు. తనకు పొడుచుకునింది తర్వాతే చూసుకునినాడు" అన్నది.

ముందు నడిచేవాడు వెనక్కి జారి ఈటె మీద పడ్డాడని రాశావు. ఈటె నీ చేతిలో ఉంది. తొడుగు నీ బూటు కింద చిక్కింది. పడింది నువ్వు. దాన్ని దాచడానికి నాకే తెలుగులో రాశావు. నేను పంపిన జత నీ సంచిలోనే ఉండిందని కూడా తెలుసు. సామాను మోసినవాడు చెప్పాడు.

ఇప్పుడు నా సంగతి విను. నాన్న ఈటె మోసిన ఏడు నాకు పద్నాలుగు, నీకు ఏడు. నాన్నవీ మన కాళ్ళే. తాతగారి తోలు తొడుగులు ఆయనకు వదులు. లోపల గుడ్డ చుట్టమని తెల్లవారుజామున నన్ను లేపాడు. మొదట గట్టిగా చుడితే కసిరాడు. రెండోసారి వదులుగా చుట్టాను. వాగు దగ్గర పడ్డాడు. ఈటె నేల తాకింది. తప్పెట తాళం తప్పినందువల్లే అడుగు తప్పిందని పెద్దలు తేల్చారు. ఆ తప్పెట మునియాండి తండ్రిది. పదకొండేళ్ళు ఆ ఇంటివాళ్ళను నడకకు పిలవలేదు. నడకలో తప్పెట లేనివాణ్ణి వేరే ఏ గుడికీ పిలవరు. ఆయన రాళ్ళు కొట్టే పనికి పోయి, అక్కడే పోయాడు. "ఎవరికీ చెప్పొద్దు పాపా" అని నాన్న నా తల నిమిరాడు. నేను చెప్పలేదు. నలభై రెండేళ్ళుగా ప్రతి ఏడూ ఆ నడక జరిగే వేళకు తోపులో ఏదో ఒక పని పెట్టుకుంటాను.

ఒకే ఇంటి కాళ్ళు ఒకే ఇంటివాళ్ళను రెండుసార్లు పడేశాయి. వచ్చే సమావేశంలో లేచి చెప్పు.

సుందరవల్లి


అవినాశి,
నవంబరు 26.

పూజ్యురాలైన అక్కగారికి,

మీ ఆజ్ఞను శిరసావహించాను.

నిన్న ఒట్టన్‌చత్రంలో కార్యవర్గం కూడింది. మినిట్సు పుస్తకంలో నాకొక పేజీ కావాలని కోరాను. ఇచ్చారు. అక్కడే కూర్చుని, పిక్క కొలత మొదలుకొని పేలికలు, వాగు, నా కాలు, ఈటె, మునియాండి గాయం, తప్పుడు తీర్మానం వరకు ఒక్కటీ దాచకుండా రాసి సంతకం చేశాను. నాన్నగారి సంగతి కూడా చేర్చాను.  మణిమారన్ పేజీని వెలుగులో పెట్టి చూసి, "ఏమి మామా, తెలుగా! మన సంఘానికి ఇదే అందం" అని సంఘం ముద్ర వేశాడు. అందరూ కరచాలనం చేశారు.

ఆ విధంగా సత్యం రికార్డులకెక్కింది. నలభై రెండేళ్ళ భారం దిగినట్టుంది. మీరూ ఇక తోపులో పని కల్పించుకోనవసరం లేదు.

నవనీతకృష్ణన్


పెరియకుళం,
డిసెంబరు 2.

నవనీతా,

ఆ పుస్తకం చదవగలిగినవాళ్ళు లోకంలో ఇద్దరు. ఒకడు రాసినవాడు. రెండోది ఆడది కనుక సంఘంలో సభ్యురాలు కాదు.

నువ్వు బీరువాలో దూరి, తలుపు వేసుకొని, ఒప్పుకున్నావు. బ్యాండుసెట్టువాళ్ళకు బయానా పోయిందని రక్కమ్మాళ్ చెప్పింది. మునియాండి తప్పెటను తిరగేసి చూరుకు వేలాడదీశాడట.

నోటితో చెప్పు.

అక్క


అవినాశి,
డిసెంబరు 16.

అక్కా,

ముందు మునియాండి ఇంటికి పోయాను. కొండ అడుగున కాలనీలో రెండో వీధి. మీ ఇంటి గేటు ముందునుంచే బస్సు పోయింది. దిగలేదు. నిన్ను చూడడానికి ముఖం చెల్లలేదు.

వాకిట్లో కాలు చాపుకొని కూర్చున్నాడు. నేను నిలబడే చెప్పాను. చెప్పవలసిన వాక్యాలను బస్సులో మూడుసార్లు సిద్ధం చేసుకున్నాను గానీ, ఆ వరుసలో ఒక్కటీ రాలేదు. పడింది నేను అన్నాను. మీ నాయన తాళం కూడా తప్పలేదు అన్నాను. అతను విని, తన కుట్ల వైపు చూసుకున్నాడు.

"అది నాకు తెలుసుగదా సామీ. నా కాల్లో దిగిన ఈటె ఎవురి చేతిలో ఉండిందని నాకే చెప్పేదానికి అవినాశినుంచి వచ్చినారా?" అన్నాడు. తర్వాత, "మా నాయనది మటుకు తెలీదు. ఆయనకూ తెలీదు. తన చెయ్యే తప్పిందని అనుకునే పోయినాడు" అన్నాడు.

లోపలినుంచి రక్కమ్మాళ్, "మాకు చెప్తే మాతోనే ఉండిపోతాది. మంటపంలో చెప్పమను" అన్నది.

మొన్న పద్నాలుగో తేదీన మంటపంలో చెప్పాను. రాసుకు పోలేదు. కుర్చీ మీద కాలు పెట్టి, పంచె మోకాలిదాకా ఎత్తి, మణిమారన్‌ను టేపు తెమ్మన్నాను.

"మామా, సుమ్మా ఉండండి. అది ముగిసిపోయిన సబ్జెక్టు."

"కొలిచి చదువు."

వాడు కొలిచాడు. నెమ్మదిగా చదివాడు. గట్టిగా చదవమన్నాను. "పదకొండుంబావు!" ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనకనుంచి ఎవరో "కొక్కెర!" అన్నారు. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ గొంతు గుర్తుపట్టాను. మంటపమంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా కాలు దించలేదు. ఆగిన తర్వాత మిగతాది చెప్పాను. నాన్న పేరు చెప్పేటప్పుడు మాత్రం నేల చూశాను. నువ్వు గుడ్డ చుట్టిన సంగతి చెప్పలేదు. అది పద్నాలుగేళ్ళ పిల్ల చేసిన పని. చుట్టించుకున్నది పెద్దవాడు.

వాళ్ళ నిర్ణయాలు: ఈటె నేల తాకినందున మన శాఖకు ఇక వంతు లేదు. ఇది ఏకగ్రీవం. బ్యాండుసెట్టు రద్దు, తప్పెట మునియాండిదే. దీనికి అనుకూలం ఏడుగురు, వ్యతిరేకం అయిదుగురు. గైటర్లు పదిహేను జతలు. దీన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు. "సభ్యులు కానివారి పిక్కల విషయమై నిబంధన లేదు" అని మణిమారన్ నిజంగానే బాధపడుతూ అన్నాడు.

నిన్న మళ్ళీ కాలనీకి పోయాను. తప్పెట నీదే అని చెప్పాను.  అతను లేచి, గోడ పట్టుకొని కుంటుతూ పోయి, చూరుకు తిరగేసి ఉన్న తప్పెటను ముఖం ఇటు తిప్పి మళ్ళీ వేలాడదీశాడు.

నువ్వు పంపిన జత తీసుకుపోయాను. సంఘం ఇచ్చేదాకా ఆగడం నాకు కుదరలేదు. కుట్ల కాలు ఇంకా వాచి ఉన్నందువల్ల ఎడమకాలు కొలుస్తానన్నాను. "వద్దు సామీ, మీరు నా కాలు పట్టేదా" అని లాక్కున్నాడు. రక్కమ్మాళ్, "కొలవనీ, ఆయన ఉద్యోగమే అది" అన్నది. నేల మీద కూర్చుని కొలిచాను, లావైన చోట, నువ్వు చెప్పినట్టే.

"ఎంత సామీ?"

"పదకొండు."

"మీది?"

"పదకొండుంబావు."

అతను నా కాలి వైపు చూశాడు, తన కాలి వైపు చూసుకున్నాడు. లెక్క సరిచూసుకునేవాడిలా మళ్ళీ ఒకసారి రెండూ చూశాడు.

"అయితే పావంగుళం మీరే పెద్దోళ్ళు సామీ" అన్నాడు.

రక్కమ్మాళ్ లోపలికి పోయింది. బహుశా నవ్వడానికి. నేను మామిడిపిందె బొమ్మ బయటికి వచ్చేట్టు తొడుగు పెట్టి, హుక్కు తగిలించి, పట్టీ బిగించాను. అతను వాకిట్లో నాలుగడుగులు నడిచాడు. తిరగలేదు, జారలేదు.

ఈ జాబును పోస్టు చేసే ముందు సౌందరానికి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. విని, "అయితే అది తలగాణి కాదా?" అని మాత్రం అడిగింది. తర్వాత నా ఎదురుగా కూర్చుని మొత్తం మళ్ళీ చదవమన్నది.

పుట్టి నలభై తొమ్మిదేళ్ళకు, నా కాలు ఇంకొకరి కాలి కంటే లావని ఒక మనిషి అనడం ఇదే మొదలు. తల ఎత్తలేకపోయాను అక్కా.

నవనీతం